నీటిమట్టాలు సమానమయ్యేదాకా: సైన్స్ ఫిక్షన్ లోకాలను కలిపే క్రాసోవర్ కథల గురించి

(అమలాపురంలో, కథలు రాస్తున్న యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ మధ్య నా దగ్గరకు కథలు తీసుకొస్తున్న పిల్లల్లో చాలామంది ఒకే తరహా కథ రాస్తున్నారు. తమకు ప్రాణమైన ఒక సైన్స్ ఫిక్షన్ లోకంలోని మనుషులను, ఓడలను, యంత్రాలను తీసుకువెళ్ళి, తమకు అంతే ప్రాణమైన ఇంకొక లోకంలో దింపుతున్నారు. అభిమానులు రాసుకునే కథలను ఫ్యాన్ ఫిక్షన్ అనీ, అందులో రెండు లోకాలు కలిసే కథను క్రాసోవర్ అనీ అంటారని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ కథలన్నీ నేను శ్రద్ధగా చదివాను. వాటిలో ఊహాశక్తికి లోటు లేదు. అయితే పదింటిలో తొమ్మిది కథలు రెండో పేజీ దాటేసరికి ఒకే ప్రశ్న దగ్గరకు చేరుతున్నాయి: వీళ్ళకూ వాళ్ళకూ యుద్ధం జరిగితే ఎవరు గెలుస్తారు? ఆ ప్రశ్నకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని నా నమ్మకం. రెండు లోకాలు కలిసిన చోట ఏ లోకపు నియమం చెల్లుతుంది, ఎంతవరకు చెల్లుతుంది అన్నదే ఆ ప్రశ్న. ఈరోజు నేను మాట్లాడేదంతా దాని గురించే.

నా చిన్నతనంలో మా ఊరికి దగ్గరలో కాలువ మీద ఒక లాకు ఉండేది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు ఈ డెల్టాకు కాలువలు వచ్చాయి, కాలువలతో పాటు పడవలు వచ్చాయి. ఎగువ కాలువలో నీళ్ళు ఎత్తులో ఉంటాయి, దిగువన పల్లంలో ఉంటాయి. దిగువ నుంచి వచ్చిన పడవ రెండు జతల తలుపుల మధ్యనున్న గదిలోకి వచ్చి ఆగేది. వెనక తలుపులు మూసేవారు. అప్పుడు ముందు తలుపుల్లోని చిన్న తూములు ఎత్తితే, ఎగువ నీళ్ళు సుళ్ళు తిరుగుతూ గదిలోకి దిగేవి. పడవ అంగుళం అంగుళం పైకి లేచేది. సరంగు గట్టు మీది రాతి గుంజకు చుట్టిన తాడును పట్టుకుని, పడవ లేచేకొద్దీ వదులైన తాడును బిగించుకుంటూ ఉండేవాడు. గట్టు మీద కూర్చున్న నాకు మొదట అతని తలపాగా మాత్రమే కనిపించేది, తరువాత ముఖం, తరువాత భుజాలు, చివరికి పడవలోని ధాన్యం బస్తాలు, వాటి మీద నిద్రపోతున్న పిల్లవాడు. ముందు తలుపులు ఒకేసారి తెరిచేయకూడదా అని ఒకరోజు లాకు దగ్గర పనిచేసే పెద్దాయనను అడిగాను. "ఆయ్, రెండు పక్కలా నీళ్ళు సమానం అవకుండా ఈ తలుపులు ఏనుగు వచ్చి నెట్టినా కదలవు బాబూ" అన్నాడాయన. అది అక్షరాలా నిజం. ఎగువ నీటి ఒత్తిడే ఆ తలుపులను బిగించి పట్టుకుంటుంది.

క్రాసోవర్ రాసేవాడు చేయవలసిన పని ఆ లాకు పనే. రెండు లోకాల నీటిమట్టాలు వేరు. వాటి మధ్య ఒక గది కట్టాలి, ఆ గదిలో పడవను ఆపాలి, నీటిని తూము గుండా నెమ్మదిగా వదలాలి. తలుపులు బద్దలుకొట్టి నీళ్ళు వదిలిన వాడికి మిగిలేది వరదే.

ఇది మనకు కొత్త విద్య కాదు. ఇక్కడికి దగ్గరలోనే, రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కొలువులో, 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలో ఒక గొప్ప క్రాసోవర్ ఉంది. సౌగంధిక పుష్పం కోసం వెళుతున్న భీముడికి దారికి అడ్డంగా ఒక ముసలి కోతి పడుకుని కనిపిస్తుంది. తోకను పక్కకు తీసి వెళ్ళమంటుంది. భీముడి వల్ల కాదు. అప్పుడు తెలుస్తుంది, ఆయన హనుమంతుడని. రామాయణ లోకపు మనిషి భారత లోకంలోకి అడుగుపెట్టిన సన్నివేశమిది. భీముడు కూడా మన అభిమానులు అడిగేదే అడుగుతాడు: నువ్వు సముద్రం దాటిన నాటి రూపం ఒకసారి చూపించు. హనుమంతుడు వెంటనే ఒప్పుకోడు. ఆ కాలం వేరు, ఆ యుగధర్మం వేరు, నాటి రూపం నేటికి చెల్లదు అంటూ నాలుగు యుగాల స్వభావాన్నీ వివరిస్తాడు. భీముడు పట్టుబట్టిన తరువాతే ఆ రూపం చూపిస్తాడు. భీముడు దాన్ని చూసి తట్టుకోలేక ఉపసంహరించమని వేడుకుంటాడు.

ఆ యుగధర్మాల వివరణ ఉపన్యాసం కాదు, అదే లాకు గది. అక్కడే నీటిమట్టం సరిచూసుకుంటున్నారు. అంతకన్నా ముఖ్యమైనది ఆ తరువాత వస్తుంది. కురుక్షేత్రంలో సహాయం చేస్తానని హనుమంతుడు మాట ఇస్తాడు, కానీ యుద్ధం చేస్తాననడు. అర్జునుడి జెండా మీద ఉంటాను, భీముడి సింహనాదానికి నా నాదం కలుపుతాను అంటాడు. లంకను కాల్చినవాడు కురుక్షేత్రంలో దిగి గద తిప్పితే పద్దెనిమిది రోజుల యుద్ధం పద్దెనిమిది ఘడియల్లో ముగిసేది. అప్పుడు గీతకు చోటెక్కడ, అభిమన్యుడికి చోటెక్కడ? అతిథిగా వచ్చిన లోకం ఆతిథ్యమిచ్చిన లోకపు కథను మింగేయకూడదని ఆ కవికి తెలుసు. జెండా మీద కోతి బొమ్మను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం గాని, కథ కట్టడంలో అది ఎంత పెద్ద నిర్ణయమో మనం తలచుకోము.

ఎవరు గెలుస్తారన్న ప్రశ్నను నేను తక్కువ చేయడం లేదు. మన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం ఆ ప్రశ్న మీదే నిలబడింది. కృష్ణుడూ అర్జునుడూ తలపడితే ఏమవుతుంది? వ్యాసుడి భారతంలో అలాంటి యుద్ధం లేదు. ఆకాశంలో పోతున్న గయుడు ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడడం, చంపుతానని కృష్ణుడు శపథం చేయడం, కాపాడతానని అర్జునుడు ముందు వెనకలు తెలియకుండా మాట ఇవ్వడం, వీటి వల్ల ఆ యుద్ధం వస్తుంది. ప్రేక్షకుడు చూడ్డానికి వచ్చేది బాణాలు కాదు. మాటకూ స్నేహానికీ మధ్య ఇద్దరూ నలగడం. యుద్ధం ఎవరి ఓటమితోనూ ముగియదు, ముగియకూడదు కూడా. మీరు యుద్ధం రాయదలిస్తే ముందు ఇలాంటి తాంబూలం ఒకటి వెతుక్కోండి.

ఇక అసలు లోకాలకు వద్దాం. 'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరు 8న అమెరికా టెలివిజన్‌లో మొదలైంది. మరుసటి ఏడాదే, అంటే 1967లోనే, 'స్పాకనేలియా' అనే అభిమానుల పత్రిక వచ్చింది. అంటే ఆ లోకం పుట్టిన ఏడాదికే అభిమానులు అందులో తమ కథలకు చోటు వెతుక్కున్నారు. 'స్టార్ వార్స్' మొదటి సినిమా 1977 మే నెలలో వచ్చింది. ఈ రెండింటినీ కలపాలన్న కోరిక అభిమానులలో ఎంత పాతదో అంత సహజమైనది. కానీ ఈ రెండింటి మధ్య నీటిమట్టంలో ఎంత తేడా ఉందో ఒక లెక్కతో చెబుతాను.

1995 నుంచి 2001 దాకా ఏడు సీజన్లు నడిచిన 'స్టార్ ట్రెక్: వాయేజర్' కథ మీకు తెలుసు. కెప్టెన్ జేన్‌వే నడిపే ఓడ ఒక్క దెబ్బకు గెలాక్సీలో ఇంకొక మూలకు, భూమికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలోకి విసిరివేయబడుతుంది. గరిష్ఠ వేగంతో ప్రయాణం చేసినా ఇంటికి చేరడానికి 75 ఏళ్ళు పడుతుంది. లెక్కవేస్తే అది కాంతివేగానికి తొమ్మిది వందల రెట్లకు పైమాటే, అయినా దాదాపు ఒక మనిషి జీవితకాలం పడుతుంది. ఆ 75 ఏళ్ళన్న అంకె మీదే ఏడు సీజన్ల కథా నిలబడింది. ఆ ఓడలో పుట్టిన బిడ్డ ముసలితనంలో భూమిని చూస్తుందేమో అన్న దిగులు, శత్రువుల్లా ఎక్కినవాళ్ళు ఒక కుటుంబం కావడం, అన్నీ ఆ అంకెలోంచే పుట్టాయి. 'స్టార్ వార్స్' లోకంలోనో, హైపర్‌డ్రైవ్ అనే, కాంతిని మించి దూకించే ఇంజను ఉన్న ఓడ గెలాక్సీ ఆ చివరనుంచి ఈ చివరకు రోజుల్లోనే వెళ్ళిపోతుంది. ఆ లోకపు స్మగ్లర్ హాన్ సోలో తన ఓడ 'మిలీనియం ఫాల్కన్'ను వాయేజర్ పక్కన తెచ్చి ఆపాడనుకోండి. ఎక్కండి, వచ్చే వారానికి ఇంట్లో దింపుతాను అంటాడు. ఏడు సీజన్ల కథ ఒక్క పేజీలో కొట్టుకుపోతుంది. తలుపు బద్దలైంది, వరద వచ్చింది.

దీనికి చాలామంది వేసే ఉపాయం, ఫాల్కన్ ఇంజను చెడిపోయిందనడం. అది అబద్ధం కాదు గాని, బలహీనమైన కట్ట. ఇంజను బాగయిన రోజున మళ్ళీ అదే వరద. సరైన తూము ఆ లోకంలోనే దొరుకుతుంది. 1977 నాటి మొదటి సినిమాలోనే, తొందరపెడుతున్న కథానాయకుడు ల్యూక్‌కు సోలో ఒక మాట చెబుతాడు: సరైన లెక్కలు లేకుండా హైపర్‌స్పేస్‌లోకి దూకితే నేరుగా ఏ నక్షత్రంలోకో దూసుకుపోతాం. అంటే ఆ వేగం ఇంజను ఒక్కదాని గొప్పతనం కాదు. ఎన్నో తరాలు నడిచి గుర్తులు పెట్టిన దారుల గొప్పతనం అది. తెలియని గెలాక్సీలోకి వచ్చిన ఫాల్కన్ దగ్గర ఇంజను ఉంది, పటం లేదు. గోదావరిలో ఇసుక మేట ఎక్కడ వేసిందో తెలియని సరంగు చేతిలో ఎంత పెద్ద లాంచీ పెడితే ఏం లాభం?

ఇప్పుడు కథ ఎలా మారిందో చూడండి. వాయేజర్ దగ్గర నక్షత్రాలను దూరం నుంచి కొలిచే సాధనాలున్నాయి, నాలుగో సీజన్‌లో ఆ ఓడ సిబ్బంది సెవెన్ ఆఫ్ నైన్, హ్యారీ కిమ్ కలిసి కట్టిన ఆస్ట్రోమెట్రిక్స్ ప్రయోగశాల ఉంది. సోలో దగ్గర దూకే ఇంజను ఉంది. ఒకరి దగ్గర కళ్ళున్నాయి, ఒకరి దగ్గర కాళ్ళున్నాయి. కొలిచినంత మేరకే దూకగలరు, దూకిన చోట ఆగి మళ్ళీ కొలవాలి. ఈ బేరంలో ఎవరి స్వభావం వాళ్ళకు అడ్డం వస్తుంది. సోలో అప్పుల్లో ఉన్న స్మగ్లర్, కొలిచిన ప్రతి దారికీ పటం నకలు అడుగుతాడు, దాన్ని అమ్ముకోవచ్చు కనుక. తన ఓడలోని విద్యను పరాయి జాతుల చేతిలో పెడితే వాళ్ళ జీవితాలు తారుమారవుతాయని జేన్‌వే నమ్మకం. అందుకే మొదటి కథల్లోనే కేజాన్ తెగ ఎంత ఒత్తిడి చేసినా ఇవ్వలేదు. ఇంటికి చేరడమా, నియమం నిలబెట్టుకోవడమా అన్న ఆమె పాత ప్రశ్న ఇప్పుడు కొత్త మనిషి ముఖంతో ఎదురుగా కూర్చుంది. ఇక్కడ ఒక్క ఫిరంగి పేలకపోయినా కథ వంద పేజీలు నడుస్తుంది.

'డాక్టర్ హూ' గురించి ఎక్కువ చెప్పను. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన ఆ కథలో, బయట పోలీసు పెట్టెలా కనిపిస్తూ లోపల ఎంతో విశాలంగా ఉండే టార్డిస్ అనే వాహనం ఏ కాలానికైనా, ఏ చోటికైనా పోగలదు. అందుకే క్రాసోవర్ రాసేవాళ్ళందరికీ అది ముద్దు. తలుపు తీస్తే ఇంకో లోకం. ఆ సుళువే దానిలోని ప్రమాదమని నా అభిప్రాయం. లాకు గది లేకుండానే పడవ దాటిపోతుంది కనుక, ఏం దాటిందో రచయిత కూడా గమనించడు. 2012లో 'స్టార్ ట్రెక్'ను, 'డాక్టర్ హూ'ను కలిపి అధికారికంగానే ఎనిమిది సంచికల కామిక్ వచ్చింది. అందులో 'స్టార్ ట్రెక్' శత్రువులైన బోర్గ్‌లు, 'డాక్టర్ హూ' శత్రువులైన సైబర్‌మెన్ చేతులు కలుపుతారు. ఇద్దరూ మనిషి ఒంట్లో యంత్రం చొప్పించి మనసును తీసేసేవాళ్ళే. వినగానే ఎంతో ఉత్సాహంగా ఉంటుంది. కానీ ఒకే మట్టంలో ఉన్న రెండు నీళ్ళ మధ్య తలుపు తీస్తే ప్రవాహం పుట్టదు. ఒకేలాంటి ఇద్దరు కలిస్తే ఒకరి గురించి ఇంకొకరి ద్వారా మనకు కొత్తగా తెలిసేది కొద్దే.

తేడా ఎంత ఉంటే అంత శక్తి అనడానికి నాకు ఇష్టమైన ఊహ ఒకటి చెబుతాను. ఐజాక్ అసిమోవ్ లోకంలో ఆర్. డేనియల్ ఆలివా అనే రోబో ఉన్నాడు. చూడ్డానికి అచ్చం మనిషి. రోబో మనిషికి హాని చేయరాదు, చూస్తూ ఊరుకుని హాని జరగనివ్వనూ రాదు అన్న మొదటి నియమం అతని మెదడులోనే ఉంది. 1965లో వచ్చిన 'డ్యూన్' లోకంలోనో, వేల ఏళ్ళ కిందట ఆలోచించే యంత్రాల మీద తిరుగుబాటు జరిగింది. మనిషి మనసును పోలిన యంత్రాన్ని చేయడం మతం నిషేధించిన మహాపాపం. అందుకే అక్కడ లెక్కలు వేయడానికి మెంటాట్లనే మనుషులను తయారుచేస్తారు. ఇప్పుడు డేనియల్‌ను ఆ లోకంలోని ఎడారి గ్రహం ఆరాకిస్ ఇసుకలో దింపండి. నీటి బొట్టు కోసం మనుషులు చనిపోయే చోట, కళ్ళ ముందు దాహంతో పడిపోయిన ఒక పిల్ల, ఫ్రెమెన్ అనే ఆ ఎడారి జనంలోని పిల్ల. డేనియల్‌కు దాహం వేయదు, అలసట రాదు. ఆ పిల్లను ఎత్తుకుని పగలంతా ఎండలో నడిచి ఊరు చేర్చగలడు, చేర్చకుండా ఉండలేడు. అలా నడిచిన మనిషి ఒంట్లో చెమట లేదని, అతను నీళ్ళు అడగలేదని ఆ ఊరివాళ్ళు గమనిస్తారు. మనిషి ఒంటి తేమను ఒక్క బొట్టు కూడా పోనివ్వని జనం వాళ్ళు, గమనించకుండా ఎలా ఉంటారు? అతని మంచితనమే అతన్ని పట్టిస్తుంది. రెండు లోకాల్లో ఏ ఒక్క నియమాన్నీ మనం మార్చలేదు. రెండు నియమాలూ నిండుగా ఉన్నందువల్లే ఈ కథ పుట్టింది.

తన సొంత లోకాలనే కలపబోయిన రచయితల నుంచి కూడా నేర్చుకోవచ్చు. అసిమోవ్ రోబోల కథలనూ, 'ఫౌండేషన్' కథలనూ 1940లలో వేర్వేరుగానే మొదలుపెట్టాడు. 'ఫౌండేషన్' గెలాక్సీలో రోబోలు కనిపించవు. 1980లలో ఆయన రెంటినీ ఒకే చరిత్రగా కుట్టడానికి పూనుకున్నాడు. రోబోలు ఎందుకు కనబడవో చెప్పుకోవలసి వచ్చింది. 1985లో వచ్చిన 'రోబోట్స్ అండ్ ఎంపైర్'లో మొదటి నియమానికి కూడా ముందు ఇంకొక నియమం పుట్టింది, మనిషికి కాదు, మానవజాతి మొత్తానికి హాని జరగనివ్వరాదని. రెండు కథలను కలిపే కుట్టులోంచే ఆయన కొత్త తత్వం ఒకటి తీశాడు. జూల్స్ వెర్న్‌కు అంత చక్కగా కుదరలేదు. 1870లో పూర్తయిన 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ' నవలలో నాటిలస్ అనే జలాంతర్గామిని నడిపిన కెప్టెన్ నెమోను, వేరే నవలలోని ఎయిర్టన్‌ను ఆయన 1874, 75లలో 'మిస్టీరియస్ ఐలాండ్'లో ఒకే దీవికి చేర్చాడు. సంవత్సరాలు సరిపోలలేదు. ఒక నవల ప్రకారం నెమో సముద్రాలు చుడుతున్న కాలంలోనే, ఇంకో నవల ప్రకారం అతను ముసలివాడై ఆ దీవి గుహలో ఉన్నాడు. అయినా పాఠకులు ఆ నవలను గుండెకు హత్తుకున్నారు. ఎందుకో తరువాత చెబుతాను.

అంతకంటే ముందు మన భాషలోనే ఉన్న చిక్కు ఒకటి. ఇంగ్లీషులో ఎవరు ఎవరితో మాట్లాడినా ఒకే సర్వనామం. తెలుగులో కలం పెట్టగానే నువ్వా, మీరా అని తేల్చుకోవాలి. 'స్టార్ ట్రెక్' మొదటి కథల్లోని కెప్టెన్ కిర్క్‌ను, అతని కింది అధికారి స్పాక్ ఏమని పిలవాలి? ఓడ వంతెన మీద 'మీరు' అనాలి, అందులో సందేహం లేదు. ఇద్దరే ఉన్నప్పుడో? ముప్ఫై ఏళ్ళ స్నేహంలో ఏ రోజున ఆ 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది? రెండు లోకాలు కలిసినప్పుడు ఈ చిక్కు రెట్టింపవుతుంది, ఎందుకంటే పదవులు కూడా పోలవు. సోలో జేన్‌వేను మొదటి క్షణంలోనే 'నువ్వు' అంటాడా? అంటే ఆమె ఊరుకుంటుందా? ఇంగ్లీషులో రాసే అభిమానికి ఈ అవకాశమే లేదు. ఒక్క సర్వనామం మార్పుతో ఒక లోకం ఇంకొక లోకాన్ని గౌరవించడం మొదలుపెట్టిన ఘడియను మీరు చూపించగలరు. మీ కథల్లో చాలా చోట్ల అందరూ అందరినీ 'నువ్వు' అనుకుంటున్నారు. సినిమా డబ్బింగు చెవిలో ఉండిపోవడం వల్ల అలా జరుగుతోంది. దయచేసి ఆ ఒక్కటి సరిదిద్దుకోండి. ఇంకో మాట, మన యాస మీద ప్రేమతో స్పాక్ చేత 'ఆయ్' అనిపించకండి. యాస ఒక ఊరిలో పుట్టి పెరిగిన మనిషి సొత్తు. అలాంటి మనిషిని కథలోకి తెస్తే అప్పుడు నిండుగా వాడుకోండి.

స్వభావం సంగతి కూడా ఇలాగే. సముద్రంలో విలస అని పిలిచే చేప వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చేసరికి పులస అవుతుంది. రుచి మారుతుంది, పేరు మారుతుంది, ధర సంగతి చెప్పనక్కరలేదు. కానీ ముళ్ళ అమరిక మారదు. ఒక పాత్రను లోకం దాటించినప్పుడు ఏది ముల్లో, ఏది రుచో మీకు తెలిసి ఉండాలి. నన్నయ విడిచిపెట్టిన అరణ్యపర్వాన్ని దాదాపు మూడు వందల ఏళ్ళ తరువాత ఎర్రన పూర్తి చేశాడు. పూర్తి చేసినవాడు తన పేరు పెట్టుకోకుండా, నన్నయే రాస్తున్నట్టుగా, ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితం చెప్పాడు. ఇంకొకరి లోకంలో అడుగుపెట్టేవాడికి ఉండవలసిన మన్నన ఎంతటిదో అక్కడ నాకు కనిపిస్తుంది.

ఇప్పుడు వెర్న్ దగ్గరకు తిరిగి వస్తాను, ఎందుకంటే నేను రాస్తున్న కథ అక్కడిది. మన దేశపు కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళకు రచన అందరిదీ అవుతుంది. 1905లో పోయిన వెర్న్, 1946లో పోయిన హెచ్.జి. వెల్స్, ఇద్దరి లోకాలూ ఇప్పుడు మనవే. అచ్చు వేసుకోవడానికి కూడా ఎవరి అనుమతీ అక్కరలేదు.

నెమో మనవాడు. 'మిస్టీరియస్ ఐలాండ్'లో వెర్న్ ఆ రహస్యం విప్పాడు. అతను బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్. 1857లో ఇంగ్లీషువాళ్ళ మీద పోరాడి, భార్యాబిడ్డలను పోగొట్టుకుని, మిగిలిన కొద్దిమంది సహచరులతో సముద్రంలోకి వెళ్ళిపోయాడు. సంవత్సరాలు పోలకపోయినా పాఠకులు ఆ నవలను ఎందుకు క్షమించారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మొదటి నవలలో సింహళం దగ్గర సొరచేప నోటి నుంచి ఒక పేద ముత్యాల గజఈతగాడిని కాపాడి, అణచివేతలో ఉన్న ఆ దేశం నాదే అని నెమో చెప్పిన మాటకు, రెండో నవల అర్థం ఇచ్చింది. అంత గట్టి కుట్టు దొరికితే తేదీల చిరుగు ఎవరికీ కనిపించదు.

వెల్స్ 1898లో 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను పుస్తకంగా తెచ్చాడు. అంగారకుడి నుంచి వచ్చినవాళ్ళు మూడు కాళ్ళ యంత్రాలలో నడుస్తూ, వేడి కిరణంతో ఇంగ్లండును కాల్చేస్తారు. వాళ్ళను క్రూరులని తీర్పు తీర్చబోయే ముందు, టాస్మేనియా ప్రజలను యూరప్ వాళ్ళు ఎలా తుడిచిపెట్టారో గుర్తు చేసుకోండని వెల్స్ మొదటి అధ్యాయంలోనే తన పాఠకులకు చెప్పాడు. సామ్రాజ్యం ఊళ్ళ మీద పడి చేసినదే ఇప్పుడు సామ్రాజ్యపు రాజధానికి జరుగుతోంది. ఎసెక్స్ తీరంలో, శరణార్థులతో నిండిన పడవలను కాపాడడానికి 'థండర్ చైల్డ్' అనే యుద్ధనౌక ఒంటరిగా ఎదురువెళ్ళి, రెండు యంత్రాలను కూల్చి, తానూ మునిగిపోతుంది. ఆ నీటి కింద, 70 మీటర్ల పొడవూ ముందుభాగాన ఉక్కు కొమ్మూ ఉన్న నాటిలస్ ఉందనుకోండి. నెమో ఏం చేస్తాడు?

ముందు లాకు గది కట్టాలి. వెల్స్ కథ 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో జరుగుతుంది, 'మిస్టీరియస్ ఐలాండ్' నెమో 1868లోనే చనిపోతాడు. కాబట్టి ఆ నవలలోని చావును పక్కన పెట్టి, మొదటి నవల చివరను పట్టుకున్నాను. 1868 జూన్‌లో నాటిలస్ నార్వే తీరంలోని మేల్‌స్ట్రామ్ సుడిగుండంలో చిక్కుకుంటుంది. బయటపడిన ప్రొఫెసర్ అరోనాక్స్‌కు, అంటే ఆ కథ చెప్పేవాడికి, ఆ ఓడ ఏమైందో తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు దొరికిన గది. సుడిలో ఒక కాలంలో దిగిన ఓడ ఇంకొక కాలంలో తేలుతుంది. నార్వే నుంచి ఉత్తర సముద్రం మీదుగా ఎసెక్స్ తీరం దూరమేమీ కాదు. వేరే ఏ యంత్రమూ, ఏ మంత్రమూ నేను తేలేదు.

ఇక నెమో. అతని లోపల రెండు మట్టాల నీళ్ళున్నాయి. లండన్ కాలిపోతుంటే అది తన శత్రువు ఇల్లు. కానీ ఒక యుద్ధనౌకను ముంచిన తరువాత, భార్యాబిడ్డల పటం ముందు మోకరిల్లి ఏడ్చినవాడు కూడా అతనే. వంద పేజీలు రాసినా అతను ఆజ్ఞ ఇవ్వలేదు. ఇటు తిరగమనలేదు, అటు తిరగమనలేదు. నేను బలవంతంగా ఇప్పించబోయిన ప్రతిసారీ ఆ వాక్యం అబద్ధంగా వచ్చింది. అప్పుడు చుక్కాని దగ్గర ఎవరున్నారా అని చూశాను.

వెర్న్ ఆ ఓడ సిబ్బందిలో చాలామందికి పేర్లు పెట్టలేదు. నేను అక్కడ ఒక కోరంగి మనిషిని నిలబెట్టాను. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. మన తీరం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. నా సరంగుకు అప్పుడు ఏడేళ్ళు. మడచెట్టు కొమ్మను పట్టుకుని వేలాడుతూ, తల్లి ఉన్న పడవ నీటిలో అడ్డంగా తిరగడం చూశాడు. సుడిలో దిగిన నాటికి అతనికి ముప్ఫై ఆరేళ్ళు. ఎసెక్స్ తీరంలో, నాటిలస్ కిటికీ గాజులోంచి అతనికి పైన తేలుతున్న పడవల అడుగులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి కిక్కిరిసిన బరువుకు ఒక పక్కకు ఒరుగుతోంది. వాటికి ఆవల, ఇసుకలో దిగబడుతూ ముందుకు పడుతున్న మూడు ఇనప కాళ్ళు. వెనక్కు తిరిగి నెమో వైపు చూస్తాడు. నెమో పెదవి విప్పడు.

"అయ్యా, పడవ అడ్డం తిరుగుతోందండి" అంటాడు. అని, జవాబు కోసం ఆగకుండా, చుక్కాని ఎడమకు తిప్పుతాడు.

అంతవరకే రాశాను. ఓడ ఆ ఇనప కాళ్ళ వైపు తిరిగింది, నెమో చేయి చుక్కాని మీదకు వస్తోంది. అది ఆపడానికి వస్తోందో, తోడు పట్టడానికి వస్తోందో వచ్చే నెల ఇక్కడ కలిసినప్పుడు చదివి వినిపిస్తాను. ఈలోగా మీరు రాసినవి కూడా తీసుకురండి. నమస్కారం.